ఇరవయ్యో వంతు అంబాసిడర్

తమ్ముళ్ళూ,

వార్షికోత్సవ సంచికకి ఏదైనా రాసి పంపమని మీరు కబురుపెట్టగానే మేం ఆరుగురం ఫోన్లో మాట్లాడుకున్నాం. 2001 నుంచి 2004 దాకా ఈ హాస్టల్లోనే, స్టోర్ రూమ్ పక్క గదిలో, ఒకే వరసలో ట్రంకుపెట్టెలు పెట్టుకుని చదువుకున్న ఆరుగురం. రాసేది ఒకడే అయినా మిగతా ఐదుగురూ పేరా పేరా చదివించుకుని దిద్దారు. అందుకే ఇందులో ఎక్కడా 'నేను' అనే మాట కనిపించదు.

విషయం ఇదీ. కిందటిసారి పూర్వ విద్యార్థులు కలిసినప్పుడు ఒక ప్రతిపాదన వచ్చింది. సెలవురోజుల్లో హాస్టల్ పిల్లలు సెల్‌ఫోన్ల చుట్టూ మూగుతున్నారు, చేతులకి పని కల్పిద్దాం, కార్ల నమూనాలు బిగించి రంగులు వేసే కిట్లు కొనిద్దాం అని. అప్పటికప్పుడు చందా రాసినవాళ్ళు కూడా ఉన్నారు. మంచి మనసుతో అన్నమాటే. కానీ మా ఆరుగురి అభిప్రాయం కొంచెం వేరు. దానికి కారణం స్టడీ హాలు బీరువా పై అరలో, పాత రిజిస్టర్ల పక్కన ఉన్న తెల్ల కారు. అది ఎవరో దానం ఇచ్చిన బొమ్మ అనుకుంటున్నారని విన్నాం. కాదు. అది ఈ హాస్టల్లోనే పుట్టింది.

తెలియనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. బొమ్మకారు వేరు, నమూనా కారు వేరు. బొమ్మకారులో చక్రం పెద్దదైనా, డోరు చిన్నదైనా ఎవరూ పట్టించుకోరు. నమూనాలో ప్రతి కొలతా అసలు కారు కొలతని ఒకే అంకెతో భాగిస్తే వచ్చినదై ఉండాలి. ఆ అంకెనే స్కేలు అంటారు. మన సోషల్ మ్యాపు కింద రాసి ఉండే స్కేలు లాంటిదే. ప్రపంచంలో ఈ హాబీ ఉన్నవాళ్ళు కార్లకి ఎక్కువగా 24వ వంతు వాడతారు. అంటే అసలు కారులో ఒక అడుగు నమూనాలో అర అంగుళం. షాపుల్లో అద్దాల బీరువాల్లో కనిపించే లోహపు కార్లు చాలావరకు 43వ వంతు. ఆ వింత అంకె రైలు నమూనాల నుంచి వచ్చింది.

మాది 20వ వంతు. ఎందుకో చెబుతాం.

మేం తొమ్మిదో తరగతిలో ఉండగా జిల్లా నుంచి ఒక అధికారి తనిఖీకి వచ్చారు. తెల్ల అంబాసిడర్. అప్పట్లో గవర్నమెంటు అంటే మాకు ఆ కారే. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు 1957 నుంచి 2014 దాకా చేశారు దాన్ని. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ దాని అమ్మ. ఇవన్నీ తర్వాత తెలిశాయి. ఆ రోజు తెలిసింది ఒక్కటే. కారు వేపచెట్టు కింద ఆగి ఉంది, సారు లోపల రిజిస్టర్లు చూస్తున్నారు, కనీసం గంట పడుతుంది.

అప్పటికే మాకు అట్టలతో లారీలూ బస్సులూ చేసే అలవాటుంది. ఎర్రబస్సు చెయ్యడం తేలిక, పెట్టెకి కిటికీలు కోస్తే బస్సు. అంబాసిడర్ అలా లొంగదు. మాలో ఒకడు, వాణ్ణి లెక్కలోడు అని పిలిచేవాళ్ళం, దర్జీ టేపు పట్టుకుని డ్రైవరు గారి దగ్గరికి వెళ్ళి, "అన్నా, కారు కొలుచుకుంటాం, చెయ్యి తగలనివ్వం" అన్నాడు. ఆయన నవ్వి, "గీతలు పడితే నా ఉద్యోగం పోతుందిరా అబ్బాయిలూ, టేపుకున్న ఇనప కొస మటుకు కారుకి తగలనివ్వకండి" అన్నారు.

దర్జీ టేపు మీటరున్నర. కారు అంతకు దాదాపు మూడు రెట్లు. ముందు బంపరు దగ్గరా వెనక బంపరు దగ్గరా దారానికి రాయి కట్టి వేలాడదీసి, నేల మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టి, ఆ గుర్తుల మధ్య దూరాన్ని టేపు మూడుసార్లు జరిపి కొలిచాం. 432 సెంటీమీటర్లు. వెడల్పు 166. ఎత్తుకి టాపు మీద అడ్డంగా చీపురుకర్ర పట్టుకుని నేల దాకా కొలిస్తే 159. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి 246. చాలా ఏళ్ళ తర్వాత ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని వెతికితే కంపెనీ లెక్క 4,325 మిల్లీమీటర్లని ఉంది. దర్జీ టేపుతో అర సెంటీమీటరు తేడా! ఆ రోజు మా లెక్కలోడికి ఐదుగురం కలిసి మిర్చిబజ్జీలు తినిపించాం.

కొలుస్తుండగానే సారు బయటికి వచ్చేశారు. వెనక వార్డెన్ గారు. వార్డెన్ గారి మొహంలో రంగులు మారడం చూసి మా కాళ్ళు ఆడలేదు. సారు మాత్రం కోప్పడలేదు. "ఏం చేస్తున్నారు?" అన్నారు. "ఈ కారు చిన్నది చేస్తాం సార్, దామాషా ప్రకారం" అన్నాడు లెక్కలోడు. "ఇరవయ్యో వంతు చేస్తే పొడవెంత?" అనడిగారాయన. "ఇరవై ఒకటి పాయింటు ఆరు సార్" అని టక్కున వచ్చింది. ఆయన గడియారం చూసుకుని, "మరో పది నిమిషాలు ఆగుతాను, డోర్లు కూడా కొలుచుకోండి" అన్నారు. పెద్ద కారులో వచ్చిన మనిషి మా కోసం చెట్టుకింద నిలబడి ఎదురుచూడటం మాకు అదే మొదటిసారి. మార్కులు ఎన్ని వచ్చినా ఆ పది నిమిషాలంత సంతోషం ఇవ్వలేదని మాలో నలుగురు ఇప్పటికీ అంటారు. మిగతా ఇద్దరు ఒప్పుకోరు, అది వేరే సంగతి.

ఆయన నోట ఇరవై అనే అంకె ఊరికే వచ్చిందో ఏమో గానీ, మాకు అదే కుదిరింది. కారు టైరు ఆ చివర నుంచి ఈ చివరకి 65 సెంటీమీటర్లు. ఇరవైతో భాగిస్తే మూడుంపావు. గోలీసోడా కాదు, మామూలు సోడా సీసా మూత కొలిస్తే 3.2 సెంటీమీటర్లు! బడ్డీకొట్టు ముందు ఏరుకున్నన్ని చక్రాలు. మూత లోతు ఆరు మిల్లీమీటర్లు, అందులో హవాయి చెప్పు ముక్క కొంచెం పైకి వచ్చేలా కోసి కూరితే టైరు మందం కూడా సరిపోయింది. మూత అంచున ఉండే గాట్లు టైరు మీది గాట్లలాగే ఉంటాయి.

అసలు కష్టం టాపు దగ్గర వచ్చింది. అట్టని ఒకవైపు వంచొచ్చు, గొట్టంలా చుట్టొచ్చు. రెండువైపులా ఒకేసారి వంచాలంటే వంగదు, ముడతపడుతుంది. నారింజ తొక్కని బల్ల మీద చదునుగా పరవలేం, పరిస్తే చిరుగుతుంది కదా, దానికి తిరగేసిన సమస్య ఇది. అంబాసిడర్‌కి టాపూ, బానెట్టూ, డిక్కీ, మడ్‌గార్డులూ అన్నీ అలా ఉబ్బినవే. అందుకని చెరువు బంకమట్టితో కారు ఆకారం అచ్చు చేశాం. అట్టతో ముందు, పక్క, పై రూపురేఖలు కోసి పెట్టుకుని, ఆ అట్టలు అచ్చుకి ఆనించి చూస్తూ ఎక్కడ ఎక్కువైతే అక్కడ చెక్కాం. మట్టి ఆరాక నూనె రాసి, పేపరు ముక్కలు గంజిలో తడిపి ఎనిమిది పొరలు అంటించాం. ఒక్కో పొరా ఆరడానికి ఒక్కో రోజు. వానలొస్తే రెండు రోజులు. తర్వాత బ్లేడుతో నడుమ కోసి, డొల్లలా ఊడదీసి, కిటికీలు కోశాం.

ఊడదీసిన డొల్ల మీద కాగితాల అంచులు మెట్లు మెట్లుగా కనిపించాయి. ఇక్కడ మమ్మల్ని గట్టెక్కించింది కొండపల్లి. ఊరు కాదు, మనిషి. ఆ ఊరి నుంచి వచ్చాడు కాబట్టి వాణ్ణి కొండపల్లీ అనే పిలిచేవాళ్ళం. వాళ్ళమ్మ బొమ్మలు చేసేవాళ్ళ ఇంట్లో రంగులు వేసే పనికి వెళ్ళేది. కొండపల్లి బొమ్మని తెల్లపొణికి కర్రతో చేస్తారని మనందరికీ తెలుసు. చేతులూ కాళ్ళూ తల విడివిడిగా చెక్కి అతికిస్తారని, ఆ అతుకుకి చింతపిక్కల పిండి, రంపపు పొట్టు కలిపి ఉడికించిన మక్కు వాడతారని మాకు వాడు చెప్పేదాకా తెలియదు. మన మెస్సులో చింతపిక్కలకి కొదవా? వంట అక్క గిన్నెడు దాచిపెట్టింది. వేయించి, నానబెట్టి, పైపొట్టు తీసి, రుబ్బి ఉడికిస్తే జిగురుముద్ద. వడ్రంగి దగ్గర తెచ్చిన పొట్టుని జల్లెడపట్టి కలిపాం. ఆ ముద్దతో మెట్లన్నీ పూడ్చి, ఆరాక ఎమరీ పేపరుతో రుద్దితే డొల్ల గుడ్డు పెంకులా నున్నగా అయింది. విదేశీ కిట్లు చేసేవాళ్ళు ట్యూబుల్లో కొనుక్కునే పుట్టీ అని ఒకటుంటుంది. అది చేసే పనీ మన మక్కు చేసే పనీ ఒకటే.

అద్దాలకి ఆసుపత్రి కాంపౌండరు గారిచ్చిన పాత ఎక్స్‌రే ఫిల్ములు. వేడినీళ్ళలో సోడా వేసి నానబెట్టి రుద్దితే నలుపంతా పోయి లేతనీలం మిగిలింది. నిజం కారు అద్దమూ ఎండలో అలాగే ఉంటుంది. బంపర్లకీ ముందు జాలీకీ సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం. అది పోగుచేసిన తీరు చూసి మేం సిగరెట్లు తాగుతున్నామని వాచ్‌మన్ తాత వార్డెన్ గారికి చెప్పాడు. ఆ పంచాయితీ ఇక్కడ రాయం.

రంగు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కొట్లో దొరికే ఎనామిల్ డబ్బాలోంచి తీసి తిన్నగా పూస్తే చిక్కటి పొర పడుతుంది. ఆ పొర మందం మిల్లీమీటరులో పదో వంతే కావచ్చు. దాన్ని ఇరవైతో గుణించండి. నిజం కారు మీద రెండు మిల్లీమీటర్ల మందాన రంగు పూసినట్టు! డోరు గీతలు పూడిపోతాయి, అంచులు మొద్దుబారతాయి. అందుకని టర్పెంటైన్‌తో పల్చగా చేసి, నాలుగు పూతలు, ఒక్కో పూతకీ మధ్య పూర్తిగా ఆరనిచ్చి, నీళ్ళలో ముంచిన వాటర్ పేపరుతో మెల్లిగా రుద్ది, మళ్ళీ పూత. దుమ్ము పడకుండా ట్రంకుపెట్టె ఖాళీ చేసి అందులో ఆరబెట్టాం. బట్టలకి వారం రోజులు ఆ వాసన పోలేదు.

తెలుపు తిన్నగా తెలుపు వేయకూడదన్నది కూడా కొండపల్లి మాటే. మా నమూనాని అర మీటరు దూరం నుంచి చూస్తే, నిజం కారుని పది మీటర్ల దూరం నుంచి చూసినట్టు లెక్క. అంత దూరంలో ఏ రంగూ డబ్బాలో ఉన్నంత గట్టిగా కనిపించదు. తెలుపులో ఒక చుక్క పసుపు, నలుపు పుల్ల కొసకి అంటినంత కలిపాం. పది మీటర్ల నుంచి ఏమేం కనిపిస్తాయో అవే వేశాం. డోరు పిడులు కనిపిస్తాయి, తాళం రంధ్రం కనిపించదు. ఈ ఒక్క లెక్కతో ఏది వెయ్యాలి ఏది మానాలి అనే గొడవలు సగం తీరాయి.

తీరని గొడవ ఒకటి మిగిలింది. మాలో ఒకడు ఎర్రబుగ్గ పెట్టాల్సిందేనన్నాడు, కలెక్టరు గారి కారులాగ. మేం కొలిచిన కారుకి బుగ్గ లేదు, లేనిది ఎలా పెడతామని లెక్కలోడు. రెండు రోజులు మాటల్లేవు. చివరికి ఎర్ర గాజుపూసతో బుగ్గ చేసి, అంటించకుండా, కావాలంటే పెట్టి వద్దంటే తీసేలా ఒప్పందం కుదిరింది. 2017 మే 1 నుంచి దేశంలో అధికారుల కార్లకి ఎర్రబుగ్గలు తీసేశారు కదా, ఆ రోజు లెక్కలోడు మా అందరికీ ఫోన్ చేసి మరీ గుర్తుచేశాడు.

పూర్తయ్యేసరికి నాలుగు నెలలు. స్టోర్ రూమ్ తక్కెడలో పెడితే 150 గ్రాములకి కాస్త పైన తూగింది. అది చూసి మా లెక్కల మాస్టారు గొప్ప ప్రశ్న వేశారు. పొడవు ఇరవయ్యో వంతైతే బరువు ఎన్నో వంతు కావాలి? ఇరవయ్యో వంతే అన్నారు క్లాసులో అందరూ. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఇరవై రెట్లు తగ్గాయి కాబట్టి 8,000వ వంతు అని ఆయన బోర్డు మీద వేసి చూపించారు. అంబాసిడర్ బరువు సుమారు 1,100 కిలోలు, ఎనిమిది వేలతో భాగిస్తే 137 గ్రాముల చిల్లర. ఘనపరిమాణాల పాఠం ఆ క్లాసులో ఎవరూ మర్చిపోయి ఉండరు.

తర్వాత దాన్ని ఒక ప్రదర్శనకి తీసుకెళ్ళాం. ఎక్కడో, ఎవరు పెట్టారో అక్కర్లేదు. న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దమనిషి కారుని చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, "ఎక్కడ కొన్నారు?" అనడిగారు. మేమే చేశామన్నాం. మా చొక్కాలు చూశారు, మా మొహాలు చూశారు. "హాస్టల్ పిల్లలా?" అని పక్కాయనతో ఏదో అని నవ్వారు. అంతవరకూ వెనక నిలబడ్డ మా వార్డెన్ గారు ముందుకొచ్చి, కొలతల నోటుబుక్కు ఆయన చేతిలో పెట్టి, "సార్, ఏ కొలతైనా అడగండి, పిల్లలు చెబుతారు" అన్నారు. ఆయన అడిగారు. వెనక అద్దం వెడల్పు, రెండు చక్రాల మధ్య దూరం, స్టీరింగు చుట్టుకొలత. లెక్కలోడు అసలు కొలతా చెప్పాడు, భాగించిన కొలతా చెప్పాడు. ఆయన నవ్వడం మానేశారు. బహుమతి మాత్రం రాలేదు, పనిచేసే నమూనా కాదని. మొదటి బహుమతి అగ్నిపర్వతానికి వచ్చింది. అగ్నిపర్వతం మీద మాకు కోపం లేదు, బాగానే పొగ వదిలింది. కానీ తమ్ముళ్ళూ, ఆ రోజు మాకు అండగా నిలిచింది కారు కాదు, నోటుబుక్కు. కొన్న కారుకి అలాంటి నోటుబుక్కు ఉండదు.

కిట్లంటే మాకు చిన్నచూపని అనుకోకండి. మాలో ఇద్దరు ఇప్పుడు సంపాదనలో పడ్డాక కొని చేశారు కూడా. ప్లాస్టిక్ చట్రానికి అతుక్కుని వచ్చే ముక్కలు కత్తిరించి, అంచులు రుద్ది, జిగురుపెట్టి బిగించడం చాలా ఓర్పు నేర్పే పని. జపాన్‌లో టమియా కంపెనీ వాళ్ళు 1976లో 12వ వంతు పోర్షె రేసుకారు కిట్టు తేవడానికి నిజం పోర్షె కారే ఒకటి కొని, ముక్కముక్కా విడదీసి కొలిచారు. అది చదివినప్పుడు వాళ్ళూ మావాళ్ళే అనిపించింది, డబ్బు తేడా తప్ప. లండన్‌లో లెస్నీ కంపెనీ భాగస్వామి జాక్ ఓడెల్ సంగతీ ఇలాంటిదే. కూతురి బడిలో అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలే తేవాలని నియమం ఉండటంతో, ఆయన 1952లో ఇత్తడితో అంత చిన్న రోడ్డు రోలరు చేసిచ్చాడు. మ్యాచ్‌బాక్స్ కార్లు అలా పుట్టాయి. మాకు సోడా మూత స్కేలు నిర్ణయించింది, ఆయనకి అగ్గిపెట్టె నిర్ణయించింది.

మా అభ్యంతరం ఒకటే. కిట్టులో కొలిచే పని ఎవరో ముందే చేసేసి ఉంటారు. మిగిలింది బిగించడం, రంగు వేయడం. మంచి కిట్టు ఒక్కోటి వేలల్లో ఉంటుంది. ఉన్న చందాతో పదో పన్నెండో వస్తాయి. వంద మంది పిల్లల్లో పన్నెండుమందికి ఇచ్చి మిగతావాళ్ళని చూస్తూ కూర్చోమంటామా? అదీ ఒక్కసారి బిగిస్తే అయిపోయింది.

కాబట్టి మేం అడిగేది ఇది. రెండు కిట్లు మాత్రం కొనండి, విప్పి చూసి నేర్చుకోవడానికి. మిగతా డబ్బుతో స్టీలు స్కేళ్ళు ఒక డజను, పెద్ద ఇనప టేపు ఒకటి, వెర్నియర్ కాలిపర్లు రెండు, కట్టర్లు, కింద పరిచే రబ్బరు మ్యాటు, 400 నుంచి 1000 నంబరు దాకా వాటర్ పేపర్లు, చిన్న ఎనామిల్ డబ్బాలు, మంచి కుంచెలు. ఇవి ఏళ్ళ తరబడి పనికొస్తాయి. కట్టర్లు ఎనిమిదో తరగతి పైవాళ్ళకే, అదీ పెద్దవాళ్ళు ఎవరైనా దగ్గరుంటేనే. టర్పెంటైన్ పని వరండాలోనే, పడుకునే గదిలో వద్దు. మేం పడుకున్నాం కాబట్టి చెబుతున్నాం.

అంబాసిడర్ ఇప్పుడు తనిఖీకి రాదు. ఆ అవసరం లేదు. వారానికోసారి సరుకులు తెచ్చే ట్రాలీ ఆటో గంటసేపు గేటు దగ్గర ఆగుతుందట కదా, దాంతో మొదలుపెట్టండి. మూడు చక్రాలే, పైగా వెనక తొట్టి అంతా అట్టతో అయిపోతుంది. ముందు డ్రైవరు గారిని అడగండి. ఏ వంతు చెయ్యాలో మీరే తేల్చుకోండి, చక్రాలకి ఏం దొరుకుతుందో చూసుకుని.

కొండపల్లి పదో తరగతి తర్వాత ఇంటి పరిస్థితి బాగోక చదువు ఆపేసి, విజయవాడ ఆటోనగర్లో కార్లకి రంగులు వేసే షెడ్డులో చేరాడు. ఇప్పుడు సొంత షెడ్డు ఉంది. రంగుల గురించి వాడికి తెలిసినంత మాలో ఎవరికీ తెలియదు, కాలేజీలు చదివినవాళ్ళతో కలిపి. నెలలో రెండో ఆదివారం వస్తానని మాటిచ్చాడు, వార్డెన్ గారు కూడా సరేనన్నారు. వాడు వచ్చేలోపు చింతపిక్కలు పారెయ్యవద్దని వంట అక్కకి చెప్పి ఉంచండి.